పంచాయతీ, మున్సిపాలిటీ సొమ్ముకు హిసాబ్ ఎవరు చూస్తారు? బయటి ఆడిట్ గురించి తెలుసుకోవాల్సిన విషయాలు

ఇంటి పన్ను కడతాం. నల్లా బిల్లు కడతాం. దుకాణం ఉంటే ట్రేడ్ లైసెన్స్ ఫీజు, సంతలో బండి పెడితే తైబజారీ కడతాం. వీటికి కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటు, రాష్ట్రం ఇచ్చే నిధులు కలుస్తాయి. ఈ డబ్బుతోనే మన గల్లీలో మోరీ కడతారు, వీధి దీపం పెడతారు, ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ లేపుతారు, చెత్త బండి తిప్పుతారు. మరి ఈ డబ్బు సరిగ్గా ఖర్చయిందా లేదా అని చూసేది ఎవరు? చూసి ఏం రాస్తారు? రాసింది మనం చదవొచ్చా?

మసీదు కమిటీ లెక్కలైతే జుమా తర్వాత నోటీసు బోర్డు మీద చదువుతాం, తేడా కనిపిస్తే అక్కడే అడుగుతాం. పంచాయతీ, మున్సిపాలిటీ లెక్కలు అంతకంటే చాలా పెద్దవి. అయినా వాటి ఆడిట్ రిపోర్టు చదివిన కుటుంబం ఊళ్లో ఒక్కటి దొరకడం కష్టం. ఆ రిపోర్టు ఎలా తయారవుతుంది, ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, దాని బలం ఎంత, బలహీనత ఎంత అనేదే ఈ వ్యాసం.

బయటి ఆడిట్ అంటే ఏమిటి?

ఆఫీసులో అకౌంటెంట్ రాసిన లెక్కను అదే ఆఫీసులోని పై అధికారి చూస్తే అది లోపలి తనిఖీ. ఆ ఆఫీసుతో సంబంధం లేని, ఆ ఆఫీసు నుంచి జీతం తీసుకోని వాళ్లు వచ్చి చూస్తే అది బయటి ఆడిట్. ఖర్చు పెట్టిన చేయి, లెక్క చూసే కన్ను ఒకే మనిషివి కాకూడదన్నది దీని మూల సూత్రం.

ఇది మనకు కొత్త ఆలోచన కాదు. అప్పు లావాదేవీని రాసి పెట్టుకోవాలి, సాక్షులు ఉండాలి అన్న ఆదేశం సూరా బఖరా 282వ ఆయత్‌లోనే ఉంది. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అదే. పది మంది సొమ్ము చేతిలో ఉన్నవాడికి అది అమానత్, దానికి హిసాబ్ చెప్పడం అతని బాధ్యత అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం.

మన రాజ్యాంగంలో కూడా దీనికి చోటుంది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న, 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చాయి. పంచాయతీల లెక్కలు, ఆడిట్ కోసం రాష్ట్రాలు చట్టం చేయొచ్చని 243జె అధికరణం చెబుతుంది. మున్సిపాలిటీల విషయంలో అదే మాటను 243జెడ్ అధికరణం చెబుతుంది.

ఎవరు చేస్తారు?

మొదటిది రాష్ట్ర ఆడిట్ శాఖ. పాత తరం ఉద్యోగులు దీన్ని ఇప్పటికీ 'లోకల్ ఫండ్ ఆడిట్' అనే పిలుస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 1989లో చేసిన స్టేట్ ఆడిట్ చట్టం దీనికి పునాది. విభజన తర్వాత తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో వేర్వేరు శాఖలు పని చేస్తున్నాయి. జిల్లా స్థాయిలో జిల్లా ఆడిట్ అధికారి ఉంటారు. ఆయన కింది సిబ్బంది గ్రామ పంచాయతీలు, మండల పరిషత్‌లు, జిల్లా పరిషత్‌లు, మున్సిపాలిటీల లెక్కలు చూస్తారు. ఈ శాఖ ఆర్థిక శాఖ కింద ఉంటుంది. పంచాయతీరాజ్ శాఖ కింద గానీ మున్సిపల్ శాఖ కింద గానీ ఉండదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ 'బయటి' అనే మాటకు అర్థం అదే.

జీహెచ్‌ఎంసీ లాంటి పెద్ద కార్పొరేషన్లో కొంచెం తేడా ఉంది. అక్కడ ఎగ్జామినర్ ఆఫ్ అకౌంట్స్ విభాగం ఆఫీసులోనే కూర్చుంటుంది. బిల్లు చెల్లించే ముందే దాన్ని చూడటాన్ని ప్రీ ఆడిట్ అంటారు. చెల్లించాక చూసేది పోస్ట్ ఆడిట్.

రెండోది కాగ్, అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. కాగ్ ప్రతి పంచాయతీకీ వెళ్లదు. స్థానిక సంస్థల ఆడిట్‌కు కాగ్ సాంకేతిక మార్గదర్శకత్వం ఇవ్వాలని, పర్యవేక్షించాలని 11వ ఆర్థిక సంఘం 2000లో సిఫార్సు చేసింది. అప్పటి నుంచి కాగ్ సిబ్బంది కొన్ని సంస్థలను ఎంచుకుని స్వయంగా చూస్తారు, రాష్ట్ర ఆడిట్ శాఖ పని నాణ్యతను కూడా చూస్తారు. అంటే ఆడిటర్‌ను కూడా చూసే కన్ను ఒకటి ఉందన్నమాట.

మూడోది సోషల్ ఆడిట్, అంటే జనం ముందు జరిగే తనిఖీ. దాని గురించి కింద విడిగా చెబుతాను.

హైదరాబాదీలకు ఒక చిన్న ముచ్చట. నిజాం కాలంలో అకౌంటెంట్ జనరల్ లాంటి పదవిని 'సదర్ మహాసిబ్' అనేవారు. మహాసిబ్ అంటే హిసాబ్ చూసేవాడు. మాట మారింది, పని అదే.

లెక్కల ఆడిట్ ఎలా జరుగుతుంది?

ఆడిటర్లు వస్తున్నట్టు ముందే సమాచారం ఇస్తారు. వచ్చాక అడిగేవి ఇవి: క్యాష్ బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్, ట్రెజరీ లెక్కలు, రసీదు పుస్తకాలు, ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్, ఓచర్లు, స్టాక్ రిజిస్టర్, పాలకవర్గ తీర్మానాల పుస్తకం, పనుల కొలతలు రాసే ఎం-బుక్.

కామర్స్ చదవని వాళ్లకు కూడా అర్థమయ్యేలా ఒక లెక్క చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. ఒక పంచాయతీలో ఏడాదికి రావాల్సిన ఇంటి పన్ను 12 లక్షలు. ఇచ్చిన రసీదులన్నీ కూడితే 7 లక్షలు. బ్యాంకులో జమ అయింది 6 లక్షల 40 వేలు. ఇక్కడ రెండు ప్రశ్నలు వస్తాయి. 12కు, 7కు మధ్య ఉన్న 5 లక్షలు వసూలు కాని బకాయి. అది పనితీరు సమస్య. 7 లక్షలకు, 6 లక్షల 40 వేలకు మధ్య ఉన్న 60 వేలు జనం చేతి నుంచి వచ్చి, బ్యాంకుకు చేరని డబ్బు. అది చాలా తీవ్రమైన విషయం. ఆడిటర్ వెతికేది ముందుగా ఈ రెండో రకం తేడానే. అందుకే మీకు ఇచ్చిన రసీదును దాచుకోవాలి. మీ దగ్గరున్న రసీదు నంబరు వాళ్ల పుస్తకంలోని కౌంటర్‌ఫాయిల్‌తో కలవాలి, అందులో రాసిన మొత్తం కూడా కలవాలి.

తేడా కనిపిస్తే ఆడిటర్ ఒక చీటీ రాసి ఆఫీసును జవాబు అడుగుతారు. జవాబు సరిపోతే విషయం అక్కడితో అయిపోతుంది. సరిపోకపోతే అది రిపోర్టులో ఒక 'పేరా' అవుతుంది. దాన్నే ఆడిట్ అభ్యంతరం అంటారు. రిపోర్టు అందాక ఆఫీసు లోపం సరిదిద్దుకుని, ఆధారాలు చూపిస్తే పేరా తీసేస్తారు. ఆఫీసు భాషలో 'పేరా డ్రాప్ అయింది' అంటారు. జవాబు రాకపోతే అది పెండింగ్ పేరాగా ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

మున్సిపాలిటీల్లో లెక్క రాసే పద్ధతి కూడా మారింది. 2004లో వచ్చిన జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ డబుల్ ఎంట్రీ, అక్రువల్ పద్ధతిని చెప్పింది. అంటే నగదు వచ్చినప్పుడు, పోయినప్పుడు మాత్రమే రాస్తే సరిపోదు. కాంట్రాక్టర్‌కు ఇవ్వాల్సిన బాకీ ఎంత, జనం నుంచి రావాల్సిన పన్ను ఎంత, మున్సిపాలిటీ ఆస్తులు ఏమిటి అనేవి కూడా పుస్తకంలో ఉండాలి. ఖాతాలో డబ్బుంది కదా అని సంబరపడే మున్సిపాలిటీకి, దానికి రెట్టింపు బిల్లుల బాకీ ఉందని ఈ పద్ధతిలోనే బయటపడుతుంది.

పనితీరు ఆడిట్: ఓచర్ ఉంటే చాలా?

ఒక వాటర్ ట్యాంకు కట్టారు. టెండరు సరిగ్గా పిలిచారు, బిల్లు సరిగ్గా ఉంది, ఓచర్ మీద సంతకాలు ఉన్నాయి. లెక్కల ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం రాదు. కానీ ట్యాంకుకు పైపులైను వేయలేదు. మూడేళ్లుగా అందులో నీళ్లు లేవు. ఇది ఎవరు పట్టుకోవాలి?

దీనికే పనితీరు ఆడిట్. ఇది మూడు ప్రశ్నలు అడుగుతుంది. తక్కువ ఖర్చుతో కొన్నారా? పెట్టిన ఖర్చుకు తగినంత పని వచ్చిందా? ఆ పని వల్ల అనుకున్న ఫలితం జనానికి అందిందా? మూడో ప్రశ్నే మనకు ముఖ్యం. డబ్బు పోయిందా లేదా అన్నది ఒక విషయం, నీళ్లు వచ్చాయా లేదా అన్నది ఇంకో విషయం.

74వ సవరణ ఎంతవరకు అమలైందో కాగ్ 18 రాష్ట్రాల్లో ఇలాగే చూసింది. ఆ రిపోర్టుల సంకలనం 2024 నవంబర్‌లో వచ్చింది. పట్టణ సంస్థల ఆదాయంలో సొంతంగా సంపాదించుకుంటున్నది సగటున 32 శాతమే అని, మంజూరైన పోస్టుల్లో సగటున 37 శాతం ఖాళీగా ఉన్నాయని అందులో తేలింది. మన మున్సిపాలిటీలో ఫిర్యాదు తీసుకునే సీటులో మనిషి ఎందుకు ఉండడో ఈ అంకె చెబుతుంది. తప్పు ఎప్పుడూ ఒక కమిషనర్‌దో, ఒక ఛైర్మన్‌దో కాదు. కొన్నిసార్లు ఏర్పాటులోనే లోపం ఉంటుంది. పనితీరు ఆడిట్ చూపించేది ఇలాంటి లోపాలనే.

పంచాయతీల పనితీరుకు మార్కులు ఇచ్చే పద్ధతి కూడా ఒకటి వచ్చింది. దాని పేరు పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్. 2022-23కు సంబంధించిన మొదటి ఫలితాలను కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఏప్రిల్‌లో ఇచ్చింది. 2,16,285 పంచాయతీల డేటా చూస్తే అందులో 699 మాత్రమే 'ఫ్రంట్ రన్నర్' వర్గంలోకి వచ్చాయి. వాటిలో 346 గుజరాత్‌వి, 270 తెలంగాణవి. సంతోషించే విషయమే. అయితే ఇది ఆడిట్ కాదు. డేటా ఆధారంగా ఇచ్చే మార్కులు మాత్రమే. ఈ రెండింటినీ కలపకూడదు.

ఆడిట్ ఆగితే గ్రాంటు ఆగుతుంది

'ఆడిట్ జరిగితే మనకేంటి, జరగకపోతే మనకేంటి' అనేవాళ్లు ఈ భాగం తప్పకుండా చదవాలి.

15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని స్థానిక సంస్థలకు 4,36,361 కోట్ల రూపాయల గ్రాంట్లు సిఫార్సు చేసింది. అందులో గ్రామీణ సంస్థల వాటా 2,36,805 కోట్లు, పట్టణ సంస్థల వాటా 1,21,055 కోట్లు. మిగతాది ప్రధానంగా ఆరోగ్య రంగానికి. కానీ ఊరికే ఇవ్వమని చెప్పలేదు. గడిచిన ఏడాది తాత్కాలిక లెక్కలు, దాని ముందు ఏడాది ఆడిట్ అయిన లెక్కలు, రెండూ జనానికి కనిపించేలా ఆన్‌లైన్‌లో ఉండాలని షరతు పెట్టింది. మొదటి రెండేళ్లు రాష్ట్రంలో కనీసం 25 శాతం సంస్థలు పెడితే చాలని సడలింపు ఇచ్చింది. 2023-24 నుంచి మాత్రం రెండు లెక్కలూ పెట్టిన సంస్థలనే అర్హులుగా చూడాలని చెప్పింది.

గ్రామాల గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలని కూడా ఆ సంఘం చెప్పింది. అంటే ఒక పంచాయతీ కార్యదర్శి లెక్కలు అప్‌లోడ్ చేయకపోతే మీ గల్లీలో మోరీ ఆగిపోవచ్చు. ఆడిట్‌కు, మన ఇంటి ముందు నిలిచే మురికి నీటికి ఇంత నేరుగా సంబంధం ఉంది.

పది లక్షలు దాటిన నగరాలకు ఇంకో పద్ధతి పెట్టారు. మన వైపు నుంచి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఈ జాబితాలో ఉన్నాయి. వీటికి గ్రాంటును గాలి నాణ్యత, తాగునీరు, పారిశుధ్యం, చెత్త నిర్వహణలో వచ్చిన ఫలితాలతో ముడిపెట్టారు.

కాగితం మీద 45, నేల మీద 30

ఆడిట్ బలహీనత ఎక్కడుందో ఒక సీసీ రోడ్డు లెక్కతో చూద్దాం. ఇదీ ఉదాహరణే.

రోడ్డు పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు అని ఎం-బుక్‌లో రాశారు. 100ను 3తో, దాన్ని 0.15తో గుణిస్తే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఘనపు మీటరుకు 6,000 అనుకుంటే బిల్లు 2,70,000 రూపాయలు. కానీ నిజంగా పోసిన మందం 10 సెంటీమీటర్లే అనుకోండి. అప్పుడు కాంక్రీటు 30 ఘనపు మీటర్లు. అసలు విలువ 1,80,000 రూపాయలు. తేడా 90,000. రోడ్డు కొత్తగా ఉన్నప్పుడు చూసేవాళ్లకు ఏమీ తెలీదు. రెండు వానాకాలాలు దాటితే పగులుతుంది.

ఆఫీసులో కూర్చుని పుస్తకాలు చూసే ఆడిటర్‌కు 45 అనే అంకె కనిపిస్తుంది, దానికి తగిన బిల్లు కనిపిస్తుంది. అన్నీ సరిపోతాయి. 30 అనే అంకె ఏ పుస్తకంలోనూ లేదు. అది ఆ గల్లీలో ఉండేవాళ్లకు మాత్రమే తెలుసు. కాంక్రీటు పోసిన రోజు అంచు దగ్గర స్కేలు పెట్టి చూసిన కుర్రాడికి తెలుసు.

సోషల్ ఆడిట్ పుట్టింది ఇక్కడే. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబర్‌లో పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి జన్ సున్వాయీ పెట్టింది. పనుల రికార్డులను జనం మధ్యలో చదివి వినిపించి, ఇందులో రాసింది నిజమేనా అని అడిగారు. ఆ ఉద్యమమే తర్వాత సమాచార హక్కు చట్టానికి దారి వేసింది. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో గ్రామసభ చేసే సోషల్ ఆడిట్‌ను పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే దీన్ని పెద్ద ఎత్తున చేసింది, 2009లో దీనికోసమే ఒక ప్రత్యేక సొసైటీ ఏర్పాటు చేసింది. మస్టర్‌లో ఉన్న పేర్లను ఇంటింటికీ వెళ్లి అడిగారు. 'నువ్వు ఈ పనికి వెళ్లావా? ఇన్ని రోజుల కూలి నీకు అందిందా?' అనే రెండు ప్రశ్నలతో ఏ ఓచరూ చెప్పని విషయాలు బయటికొచ్చాయి.

పుస్తకాల ఆడిట్, జనం ఆడిట్ రెండూ కలిస్తేనే హిసాబ్ పూర్తవుతుంది. ఒకటి ఇంకోదానికి బదులు కాదు.

సంతకం ఎవరిదో బాధ్యత వాళ్లదే

ఇప్పుడు కాస్త ఇబ్బంది పెట్టే విషయానికి వద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో మహిళలకు సగం సీట్లు ఉన్నాయి. మన కుటుంబాల నుంచి కూడా ఆడవాళ్లు వార్డు మెంబర్లుగా, కౌన్సిలర్లుగా, సర్పంచ్‌లుగా గెలుస్తున్నారు. మంచిదే. కానీ చాలా ఇళ్లలో ఆఫీసుకు వెళ్లేది భర్తో, మరిదో. సంతకం పెట్టేది మాత్రం ఆమె.

ఆడిట్‌లో 'మా ఆయన చూసుకున్నారు' అనే జవాబుకు విలువ లేదు. చట్టవిరుద్ధంగా చెల్లింపు జరిగినా, తీవ్రమైన నిర్లక్ష్యం వల్ల సంస్థకు నష్టం వచ్చినా ఆ మొత్తాన్ని బాధ్యుల నుంచి రాబట్టే అధికారం ఆడిట్ శాఖకు ఉంది. దాన్ని సర్‌చార్జ్ అంటారు. సంతకం చేసింది అధికారి అయినా, ఎన్నికైన మనిషి అయినా తప్పించుకోలేరు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కు, ఉప సర్పంచ్‌కు కలిపి చెక్ పవర్ ఇచ్చింది. ఇప్పుడు చాలా చెల్లింపులు డిజిటల్ కీ ద్వారా జరుగుతాయి. ఆ కీ మీ పేరున ఉంటే దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం అంటే ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇచ్చినట్టే.

తెలంగాణలో ఈ జాగ్రత్త ఇప్పుడు ఇంకా అవసరం. పాత సర్పంచ్‌ల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులే పంచాయతీలు నడిపారు. కొత్తగా వచ్చినవాళ్లు చేతికి వచ్చిన లెక్కను రాతపూర్వకంగా తీసుకోవాలి. తేదీ వేసి క్యాష్ బుక్ నిల్వ, బ్యాంకు నిల్వ, చెల్లించాల్సిన బిల్లుల జాబితా, పెండింగ్ ఆడిట్ పేరాల జాబితా, సామాన్ల జాబితా రాయించుకుని కార్యదర్శి సంతకం తీసుకోవాలి. రేపు ఆడిటర్ అడిగితే 'ఇది నా కాలంలోది, ఇది నా ముందుది' అని చూపించడానికి ఆ ఒక్క కాగితమే ఆధారం.

గెలిచిన ఆపాలకు మూడు మాటలు. చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు. తీర్మానం రాయకముందే సంతకం చేయమంటే చేయొద్దు. ఒప్పుకోకపోతే ఆ విషయం మినిట్స్‌లో రాయమని అడగండి. అలా రాయించుకున్న అసమ్మతి తర్వాత మిమ్మల్ని కాపాడుతుంది.

రిపోర్టు ఎక్కడ దొరుకుతుంది?

గ్రామ పంచాయతీ అయితే కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వెబ్‌సైట్ ఈ-గ్రామస్వరాజ్‌లో మీ రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే ప్రణాళిక, వచ్చిన డబ్బు, చెల్లింపులు కనిపిస్తాయి. ఆడిట్ రిపోర్టుల కోసం ఆడిట్‌ఆన్‌లైన్ అనే ఇంకో సైటు ఉంది. రెండూ 2020లో వచ్చాయి. పంచాయతీల ఆన్‌లైన్ ఆడిట్‌లో తెలంగాణ దేశంలో ముందు వరుసలో ఉంది. కాబట్టి మీ ఊరి రిపోర్టు అందులో దొరికే అవకాశం బాగానే ఉంది.

రెండో దారి గ్రామసభ. తెలంగాణ 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అక్కడ ఓటరుగా లేచి 'గడిచిన ఏడాది ఆడిట్ రిపోర్టులో ఎన్ని పేరాలు ఉన్నాయి, ఎన్నిటికి జవాబు ఇచ్చారు' అని అడగొచ్చు. పట్టణాల్లో 2019 మున్సిపల్ చట్టం వార్డు కమిటీలను పెట్టింది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో తెలుసుకుని వాళ్ల ద్వారా అడిగించొచ్చు.

మూడో దారి సమాచార హక్కు చట్టం, 2005. తెలుగులోనే తెల్ల కాగితం మీద రాయొచ్చు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆధారం చూపిస్తే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే లేదా సగం సగం ఇస్తే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దానికీ ఫలితం లేకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

దరఖాస్తులో 'అన్ని వివరాలు ఇవ్వండి' అని రాయొద్దు. తప్పించుకోవడానికి దారి ఇచ్చినట్టు అవుతుంది. ఇలా రాయండి:

- ఫలానా సంవత్సరం ఆడిట్ రిపోర్టు పూర్తి నకలు.
- అందులోని పేరాలకు ఆఫీసు ఇచ్చిన జవాబుల నకలు.
- ఇప్పటికీ పెండింగ్‌లో ఉన్న పేరాల జాబితా, వాటిలో ఉన్న మొత్తం.
- ఫలానా వీధి రోడ్డు పనికి సంబంధించిన అంచనా, ఎం-బుక్ పేజీలు, చెల్లింపు ఓచర్ నకలు.

రిపోర్టు చేతికి వచ్చాక ఏం చూడాలి?

రిపోర్టు పొడవు చూసి భయపడొద్దు. నాలుగు చోట్ల చూస్తే చాలు. ఒకటి, సంవత్సరం మొదట్లో ఉన్న నిల్వ గడిచిన ఏడాది చివరి నిల్వతో కలుస్తుందా. రెండు, క్యాష్ బుక్ నిల్వ, బ్యాంకు నిల్వ ఒకటేనా. తేడా ఉంటే కారణం రాశారా. మూడు, పన్ను డిమాండ్ ఎంత, వసూలు ఎంత. నాలుగు, 'రికార్డు చూపలేదు' అనే మాట ఎన్నిసార్లు వచ్చింది. నాలుగోది ముఖ్యం. తప్పు లెక్క కంటే చూపించని లెక్కే ఎక్కువ అనుమానం కలిగిస్తుంది.

పేరాలన్నీ ఒకే రకం కావు. కొన్ని పద్ధతి లోపాలు: ఓచర్‌కు నంబరు వేయలేదు, సంతకం లేదు. కొన్ని చట్టపరమైన లోపాలు: టీడీఎస్ కోయలేదు, జీఎస్టీ జమ చేయలేదు, టెండరు లేకుండా కొన్నారు. కొన్ని అసలు నష్టాలు: వసూలైన డబ్బు జమ కాలేదు, ఒకే బిల్లు రెండుసార్లు చెల్లించారు. మూడో రకం ఉంటే దాన్ని వదలకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆడిట్ అభ్యంతరం అంటే ప్రశ్న, తీర్పు కాదు. ఓచర్ పోయినా పేరా వస్తుంది, డబ్బు పోయినా పేరా వస్తుంది. రిపోర్టులో ఒక పేజీ ఫొటో తీసి 'ఫలానా సర్పంచ్ ఇంత తిన్నాడు' అని వాట్సాప్ గ్రూపులో పెట్టడం న్యాయం కాదు. అది నింద వేయడం అవుతుంది, పరువు నష్టం కేసు కూడా కావచ్చు. ముందు ఆఫీసు ఇచ్చిన జవాబు తీసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఆ తర్వాత మాట్లాడండి.

తేడా నిజమని తేలితే?

పంచాయతీ అయితే జిల్లా పంచాయతీ అధికారికి, మున్సిపాలిటీ అయితే కమిషనర్‌కు, ఆ పైన మున్సిపల్ పరిపాలన శాఖకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. ఒక ప్రతి జిల్లా ఆడిట్ అధికారికి కూడా పంపాలి. వచ్చే ఆడిట్‌లో ఎక్కడ చూడాలో వాళ్లకు తెలుస్తుంది. తెలంగాణలో కలెక్టరేట్ల ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. అవినీతి విషయమైతే లోకాయుక్తకు వెళ్లే దారి ఉంది. ఫిర్యాదులో కోపం తక్కువ, అంకెలు ఎక్కువ ఉండాలి. పేరా నంబరు, పేజీ నంబరు, తేదీ, మొత్తం రాస్తే ఫైలు పక్కన పెట్టడం కష్టమవుతుంది.

ఒక్కరే వెళ్లడం కంటే ఐదారుగురు కలిసి, వీలైతే గల్లీలోని అన్ని మతాల వాళ్లు కలిసి సంతకం పెట్టి వెళ్లడం మంచిది. మోరీ అందరిదీ. 'వాళ్ల మొహల్లా వాళ్ల గొడవ' అని కొట్టిపారేయడానికి అప్పుడు వీలుండదు.

ఆడిట్‌తో అన్నీ అవుతాయా?

కావు. ఆడిట్ ఖర్చు అయ్యాక వస్తుంది, చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. అప్పటికి సర్పంచ్ మారి ఉంటారు, కార్యదర్శి బదిలీ అయి ఉంటారు. ఆడిటర్లు అన్ని ఓచర్లూ చూడలేరు, కొన్నిటిని ఎంచుకుని చూస్తారు. అన్నిటికంటే పెద్ద సమస్య ఇంకోటి ఉంది. రిపోర్టు వచ్చాక దాన్ని అడిగేవాళ్లు లేకపోతే పేరా బీరువాలో ఉండిపోతుంది. జవాబు ఇవ్వకపోయినా ఎవరూ అడగరని తెలిసిన ఆఫీసు జవాబు ఇవ్వదు.

కాబట్టి చేయాల్సిన పని పెద్దది కాదు. ఇంట్లో డిగ్రీ చదివే అబ్బాయో, అమ్మాయో ఉంటే ఒక ఆదివారం కూర్చోబెట్టి మీ పంచాయతీ ఆడిట్ రిపోర్టు తీయమనండి. పట్టణంలో ఉంటే ఒక ఆర్‌టీఐ దరఖాస్తు రాయమనండి. పైన చెప్పిన నాలుగు చోట్ల ఎర్ర గీత గీయమనండి. తర్వాతి గ్రామసభలో గానీ, వార్డు కమిటీలో గానీ ఒక్క పేరా గురించి ఒక్క ప్రశ్న అడగండి. జవాబు రాకపోతే మళ్లీ అడగండి. రసీదు మన దగ్గర ఉంది, డబ్బు మనది, అడిగే హక్కు కూడా చట్టం ఇచ్చింది.